కంటికానని అణువు – గణితపు చూపు

సఖినేటిపల్లి రేవులో వశిష్ఠ నీటిని దోసిట పట్టినప్పుడు అందలి అణువు మనకు కానరాదు. అది వంగియున్నదని, మూడు విధముల కంపించునని ఎట్లు తెలిసినది?

అణువు చెదరగొట్టిన కాంతిని పరిశీలించుట రామన్ పద్ధతి. అది మ్రింగిన పరారుణ కాంతిని పరిశీలించుట వేరొక పద్ధతి. తిన్నగానుండు బొగ్గుపులుసు వాయువు అణువునందు ఒకదాన కనబడిన కంపనము రెండవదాన కనబడదు. వంగిన నీటి అణువునందు మూడును రెంటను కనబడును. త్రిప్పినను మారని రూప సౌష్ఠవమును బట్టి దీనిని ముందే గణించి చెప్పునది సమూహ సిద్ధాంతము. కంపనముల విషయమున ఈ మార్గమును 1930లో విగ్నర్ చూపెను.

ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతంగారు 1928లో కలకత్తాలో రామన్‌గారి వద్ద పరిశోధనకు చేరిరి. పిమ్మట వాల్తేరులో గణితవేత్త టి. వెంకటరాయుడుగారితో కూడి, 1939లో ఈ గణనను స్ఫటికములకు అన్వయించిరి. వారిరువురి గ్రంథమును 1948లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ప్రకటించెను. 1969లో అది న్యూయార్కునందు పునర్ముద్రితమయ్యెను.

భగవంతంగారు ఉస్మానియా ఉపాధ్యక్షులుగా, రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేసిరి. మనము ఆ పదవులనే తలచుచుందుము. వెంకటరాయుడుగారి పేరు మాత్రము మన నోట అరుదు. భౌతిక, రసాయన శాస్త్రములకు తెలుగునాట కాగితముపై సాధించిన ఆ ఫలమును చెప్పునప్పుడు ఇరువురి పేర్లను కలిపి చెప్పుట మన విధి.