తల కోయకుండా లోపలి నెత్తురు చూసిన కథ



పోయిన వేసవిలో మా పెద్దయ్య పొలం నుంచి వచ్చి వాకిట్లో కూలబడ్డాడు. ఒక చెయ్యి, కాలు పడిపోయాయి. డోలీలో మోసి, బండెక్కించి పట్నం తీసుకెళ్తే డాక్టరు ముందు స్కాన్ తీయాలన్నారు. "మనిషి పోతుంటే ఫొటోలేంటి?" అని మేము గొడవ పెట్టుకున్నాం. స్కాన్‌లో మెదడులో నెత్తురు కనిపించింది. హాస్టల్‌కి వచ్చాక ఆ మిషను చరిత్ర చదివితేగానీ మాకు అర్థం కాలేదు.

పక్షవాతం రెండు రకాలు. మెదడు నాళంలో నెత్తురు గడ్డ అడ్డుపడేది ఒకటి, నాళం చిట్లేది ఇంకొకటి. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. గడ్డ కరిగించే మందు మొదటి రకాన్ని కాపాడగలదు, రెండో రకంలో ప్రాణమే తీయగలదు.

1895లో రాంట్‌జెన్ ఎక్స్‌రే కనిపెట్టాడు. దాంట్లో పుర్రె కనిపించేది, మెదడు కనిపించేది కాదు. 1919లో అమెరికా డాక్టరు వాల్టర్ డాండీ వెన్నులోంచి గాలి ఎక్కించి ఎక్స్‌రే తీశాడు. రోగికి ఘోరమైన తలనొప్పి, వాంతులు. 1927లో పోర్చుగల్‌లో ఎగాస్ మోనిజ్ నాళాల్లోకి మందు ఎక్కించి వాటి దారులు చూపించాడు. ఏ పద్ధతిలోనూ కారిన నెత్తురు నేరుగా కనిపించదు. నాళం పక్కకు జరిగితే అక్కడేదో ఉందని ఊహించడమే.

దారి చూపింది ఇంగ్లండ్ రైతు కొడుకు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్. ఆయనకు యూనివర్సిటీ డిగ్రీ లేదు, డిప్లొమానే. పాటల రికార్డులు అమ్మే ఇఎంఐ కంపెనీలో ఇంజినీరు. చుట్టూ అన్ని వైపుల నుంచి ఎక్స్‌రే పంపి, ఎక్కడ ఎంత ఆగిందో కంప్యూటర్‌తో లెక్క కట్టిస్తే లోపలి బొమ్మ వస్తుందనుకున్నాడు. తొలి ప్రయోగంలో ఒక్క బొమ్మ కొలతలకే 9 రోజులు పట్టింది. కసాయి కొట్టు నుంచి పశువు మెదడు తెచ్చి కూడా పరీక్షించాడు. 1971 అక్టోబర్ 1న లండన్‌లోని అట్కిన్సన్ మోర్లీ ఆస్పత్రిలో, డాక్టర్ జేమ్స్ ఆంబ్రోస్‌తో కలిసి ఒక మహిళ తల స్కాన్ చేశారు. మెదడులోని గడ్డ స్పష్టంగా కనబడింది.

ఆయన పేరుతోనే కొలత ఉంది. నీటికి 0, గాలికి మైనస్ 1000. గడ్డకట్టిన కొత్త నెత్తురు మెదడు కన్నా చిక్కన కాబట్టి సీటీలో తెల్లగా మెరుస్తుంది. 1979లో ఆయనకూ, విడిగా ఈ లెక్కలు కట్టిన అలన్ కార్మాక్‌కూ కలిపి నోబెల్ ఇచ్చారు.

మిత్రులారా, గడ్డ కరిగించే మందుకు గడువు మామూలుగా నాలుగున్నర గంటలే. మన కొండ దిగేసరికే అందులో సగం పోతుంది. అందుకే ఎవరికైనా మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా టైము గుర్తుపెట్టుకోండి, నోట్లో ఏమీ పోయకండి, సీటీ ఉన్న ఆస్పత్రికే తీసుకెళ్లండి. 50 ఏళ్లు దాటిన ఆ మిషను మన ఏజెన్సీ ఆస్పత్రుల్లో కూడా ఉండాలని అడుగుదాం. అది మన హక్కు.