రెండు చేదలు, ఒకే బావి



మనం ఇక్కణ్ణుంచి అమ్మానాన్నలతో మాట్లాడే ప్రతి మాటా ఎన్నో రౌటర్లను దాటుకుని ఇంటికి చేరుతుంది. ఆ రౌటర్లు చల్లగా ఉంటేనే పనిచేస్తాయి. లండన్‌లో అలాంటి యంత్రాల బాగోగులు చూసే ఉద్యోగం నాది. అందుకే వాటి చల్లదనం కథ ఈరోజు కాస్త చెబుతాను.

రౌటర్లకు మూలపురుషుడి పేరు ఇంప్. బీబీఎన్ అనే అమెరికన్ కంపెనీ హనీవెల్ కంప్యూటరుతో దాన్ని తయారుచేసి, 1969 ఆగస్టు చివర్లో లాస్ ఏంజిలస్‌లోని యూసీఎల్‌ఏకి పంపింది. ఫ్రిజ్ అంత ఉండేది, దెబ్బలకు తట్టుకునే గట్టి పెట్టె. 1970లలో అదే కంపెనీ ప్లూరిబస్ అనే యంత్రం చేసింది. దాన్ని విడివిడి భాగాలుగా కట్టి, ఒక్కోదానికి వేరే కరెంటు సరఫరా, వేరే చల్లదనం ఏర్పాటు చేశారు. ఒకటి పోయినా మిగతావి పని నడిపించాలని వాళ్ళ ఉద్దేశం.

ఇప్పటి పెద్ద రౌటర్లదీ ఆ దారే. ఒక ఫాను ఆగితే మిగతావి వేగం పెంచుతాయి. యంత్రాన్ని ఆపకుండానే పాడైన ఫాన్ల ట్రేని లాగేసి కొత్తది పెట్టొచ్చు.

మరి ఇంక భయం లేదా? నేను పనిచేసిన ఒకచోట ఫాన్లన్నీ గిర్రున తిరుగుతున్నా రౌటర్ వేడెక్కుతూనే ఉంది. చూస్తే, పక్కగదిలో గోడలు కొట్టిన దుమ్మంతా గాలి వడపోతకు అట్టకట్టింది. ఫాన్లు ఎన్నుంటేనేం, గాలి వచ్చే దారి ఒక్కటేగా!

ఇదే సంగతి పెద్ద ఎత్తున 2022 జులై 19న జరిగింది. ఆరోజు ఇంగ్లండులోని కోనింగ్స్‌బీలో 40.3 డిగ్రీలు నమోదైంది. బెజవాడ వాళ్ళకు అది మామూలు ఎండే, కానీ బ్రిటన్ అంతకుముందు ఎన్నడూ 40 దాటలేదు. డేటా సెంటర్ ఏసీలు లోపలి వేడిని బయటి గాలిలోకి వదలాలి. బయటే నిప్పులు చెరుగుతుంటే ఎక్కడికి వదులుతాయి? లండన్‌లో గూగుల్ భవనం ఒకదానిలో, ఒకదానికొకటి తోడుగా పెట్టిన చల్లదనం ఏర్పాట్లు ఒకేసారి చేతులెత్తేశాయి. గైస్, సెయింట్ థామస్ ఆసుపత్రులకు చెరొక డేటా సెంటర్ ఉండేది. అదే రోజు రెండూ ఆగిపోయాయి. డాక్టర్లు కాగితం, కలం పట్టాల్సి వచ్చింది. అన్నీ మళ్ళీ దారికి రావడానికి వారాలు పట్టింది.

రెండు చేదలున్నా బావి ఎండితే రెండూ ఖాళీగానే పైకొస్తాయి. అందుకే ఎవరైనా "మాకు అన్నీ రెండేసి ఉన్నాయి" అంటే నేను అడిగేది ఒకటే: ఆ రెండూ దేని మీద ఆధారపడ్డాయండీ?

సెలవు.