వరి గట్టున నక్క: హుజూరాబాద్ పొలాల్లో దాని తిండి

హుజూరాబాద్ పల్లెల్లో మేకపిల్ల చస్తే ముందు నక్క పేరే వస్తుంది. దొడ్డి పక్కన సగం తిన్న కళేబరం, దాని చుట్టూ అడుగుజాడలు కనిపిస్తే తీర్పు అక్కడికక్కడే అయిపోతుంది. నక్క నిజంగా దేనిమీద బతుకుతుందో తేల్చడానికి ఆ జాడలు చాలవు.

ముందు జంతువును సరిగా గుర్తించాలి. నక్క 8 నుంచి 11 కిలోల జంతువు. బీడుల్లో బొరియలు తవ్వుకునే గుంటనక్క సాధారణంగా 2, 3 కిలోలే ఉంటుంది. రెంటినీ ఒకే గాటన కడితే తిండి లెక్క మొదట్లోనే తప్పుతుంది. అమెరికా పొలాల్లో కొయోట్‌కు ఉన్న స్థానమే మన పొలాల్లో నక్కది. రెండూ దొరికినది తింటూ మనుషుల మధ్య నిలదొక్కుకున్నవే.

కాకతీయ కాలువ నీరు పారే ఈ నేలలో వానకాలం, యాసంగి రెండూ వరే. చెలకల్లో పత్తి, మక్క. ఏపుగా పెరిగిన మక్కచేను నక్కకు పగటి దాపు. వరి గట్లు పందికొక్కులకు ఇల్లు. కంకులు కోసి బొరియలో దాచుకునే పందికొక్కు రైతుకు ఎంత నష్టమో చెప్పనక్కర్లేదు.

నక్క తిండిని మలం చెబుతుంది. దాన్ని ఎండబెట్టి, జల్లెడలో కడిగితే వెంట్రుకలు, పళ్లు, ఈకలు, గింజలు మిగులుతాయి. వెంట్రుక లోపలి నమూనాను సూక్ష్మదర్శినిలో చూసి అది ఎలుకదో మేకదో పోల్చవచ్చు. అయితే ఈ పద్ధతికి ఒక పరిమితి ఉంది, నా దృష్టిలో అదే అసలు విషయం. మేక వెంట్రుక దొరికితే నక్క మేకను తిన్నదని తెలుస్తుంది, చంపిందని తెలియదు. చచ్చి పారేసిన జీవాన్ని తిన్నా అదే వెంట్రుక మిగులుతుంది. పైగా ఎన్ని మలాల్లో కనిపించిందన్న లెక్క వేరు, ఎంత బరువు తిన్నదన్న లెక్క వేరు. నష్టపరిహారం మాట వచ్చినప్పుడు ఈ తేడాలు తప్పక చూడాలి.

రాజస్థాన్‌లోని సరిస్కా పులుల అభయారణ్యంపై 2004లో వెలువడిన అధ్యయనం నక్క ఆహారంలో ఎలుక జాతుల ప్రాముఖ్యాన్ని చూపింది. బంగ్లాదేశ్ పంటపొలాల నక్కలపై జేగర్ బృందం 2007లో ప్రచురించిన పరిశోధన మన వరి నేలకు మరింత దగ్గర. అక్కడా పొలాల ఎలుకలే వాటికి ముఖ్యమైన వేట. సెర్బియాలో నక్కలు ఏడాదికి 3,700 టన్నులకు పైగా జంతు వ్యర్థాలను, 1.32 కోట్ల పంట ఎలుకలను తినేస్తాయని 2016లో చిరోవిచ్, ఆయన సహపరిశోధకులు అంచనా వేశారు. ఆ అంకెలను హుజూరాబాద్‌కు తెచ్చి అతికించలేం. నక్క చేసే పని మాత్రం ఇక్కడా అదే.

నక్క రేగుపండ్లు, ఈతపండ్లు కూడా తింటుంది. లేత మక్క కంకులనూ కొరుకుతుంది. ఆ నష్టాన్ని దాచాల్సిన పనిలేదు.

కోళ్ల ఫారాల వెనక పారేసే చచ్చిన కోళ్లే నక్కను ఊరి దాకా రప్పిస్తాయి. వాటిని లోతుగా పూడ్చాలి. మేకపిల్లలను రాత్రిళ్లు తడకల లోపల ఉంచాలి. కళేబరానికి విషం పూసి గట్టున పెట్టకండి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం నక్కకు రక్షణ ఇచ్చింది. ఆ విషానికి గద్ద, మీ మందను కాచే కుక్క కూడా చస్తాయి.