అపు, అప్పు, యాస

సింప్సన్స్ అనే అమెరికన్ కార్టూన్ సీరియల్‌కి నేను పాతికేళ్ళ నుంచీ అభిమానిని. విజయవాడలో అదేమంత చెప్పుకోదగ్గ విషయం కాదు లెండి. సత్యనారాయణపురంలో మా చుట్టుపక్కల ఇళ్ళన్నిట్లోనూ జెమినీ, ఈటీవీ మోగుతుంటే నేను స్టార్ వరల్డ్ పెట్టుకుని, పసుప్పచ్చ మొహాల బొమ్మల్ని చూస్తూ ఒక్కణ్ణే నవ్వుకునేవాణ్ణి. "ఇంజనీరింగ్‌లోకొచ్చావు, ఇంకా బొమ్మలేంట్రా?" అనేది మా అమ్మ. అది పిల్లల కార్టూన్ కాదని ఎంత చెప్పినా ఒప్పుకోలేదు.

తెలియనివాళ్ళకి క్లుప్తంగా చెప్తాను. మాట్ గ్రోనింగ్ అనే కార్టూనిస్టు సృష్టి ఇది. 1987లో ట్రేసీ ఉల్మన్ షోలో చిన్న చిన్న ముక్కలుగా మొదలై, 1989 డిసెంబర్ 17 నుంచి ఫాక్స్ చానెల్లో అరగంట సీరియల్ అయింది. ఇప్పటికి 750కి పైగా ఎపిసోడ్లు వచ్చాయి. 2025లో ఇంకో నాలుగు సీజన్లు పొడిగించారు. హోమర్ అనే బద్ధకిష్టి తండ్రి, ఓపికగల తల్లి, ముగ్గురు పిల్లలు, వాళ్ళుండే స్ప్రింగ్‌ఫీల్డ్ అనే ఊరు. ఆ ఊళ్ళో మన దేశం వాడొకడున్నాడు. పేరు అపు. క్విక్-ఈ-మార్ట్ అనే చిల్లర కొట్టు నడుపుతాడు. పేరేమో సత్యజిత్ రాయ్ సినిమాల్లోంచి తీసుకున్నారు, ఇంటిపేరేమో నహసపీమపెటిలన్ అట. మన దేశంలో ఏ మూలా వినపడని ఇంటిపేరు!

అపు మొదటిసారి కనపడింది 1990 ఫిబ్రవరి 25న. అదే సంవత్సరం అమెరికా ఇమ్మిగ్రేషన్ చట్టం మారి, హెచ్-1బీ వీసా ఇప్పటి రూపంలో మొదలైంది. ఆ ఏటి జనాభా లెక్కల్లో అమెరికాలో ఉన్న భారతీయులు 8 లక్షల 15 వేల మంది. అంటే చాలామంది అమెరికన్లు అప్పటికి ఒక్క భారతీయుడితో కూడా మాట్లాడి ఉండరు. వాళ్ళకి తెలిసిన మొదటి భారతీయుడు అపు. ఆ గొంతు మాత్రం హాంక్ అజారియా అనే తెల్ల నటుడిది. తను విన్న కొట్లలో గుమాస్తాల మాటతీరు, 1968లో వచ్చిన 'ది పార్టీ' సినిమాలో పీటర్ సెల్లర్స్ పెట్టిన ఇండియన్ యాస, రెండూ కలిపి ఆ గొంతు చేశానని ఆయనే తర్వాత చెప్పాడు. సెల్లర్స్ కూడా తెల్లవాడే. కాపీకి కాపీ అన్నమాట.

నేను విజయవాడలో కూర్చుని చూసినప్పుడు ఆ గొంతు నన్ను వెక్కిరిస్తోందని ఒక్కసారి కూడా అనిపించలేదు. అది మన యాసే కాదు కదా! ఎవరో బెంగాలీ అనుకుని నవ్వేశాను.

అపు గురించి నాకు బాగా నచ్చిన ఎపిసోడ్ 1996 మే 5న వచ్చింది. మేయరు పన్నులు పెంచి తిట్లు తింటాడు, జనం దృష్టి మళ్ళించడానికి తప్పంతా అక్రమ వలసదారుల మీదికి తోస్తాడు. వాళ్ళందర్నీ వెళ్ళగొట్టాలా వద్దా అని ఓటింగ్ పెడతారు. (కాలిఫోర్నియాలో 1994లో నిజంగానే ప్రొపోజిషన్ 187 అని ఇలాంటి ఓటింగ్ జరిగింది.) అపు గతం అప్పుడు బయటపడుతుంది. అతనసలు కంప్యూటర్ సైన్స్‌లో పీహెచ్‌డీ చేయడానికి అమెరికా వచ్చాడు. పంచ్ కార్డుల కట్టలతో ప్రోగ్రాం రాశాడు. చదువు కోసం చేసిన అప్పు తీర్చడానికి కొట్లో చేరాడు. అప్పు తీరింది, వీసా గడువు అయిపోయింది, కానీ స్నేహితులయ్యారు, ఊరు అలవాటైంది, ఉండిపోయాడు.

ఇంతకంటే కృష్ణా జిల్లా కథ ఇంకోటుందా చెప్పండి? కంప్యూటర్ చదువు, అమెరికా, అప్పు, వీసా, కొట్టు. పేరులో ఇంకో పకారం కలిపితే సరిపోయేది :)

మా పెద్దనాన్నగారబ్బాయి ఇలాగే వెళ్ళాడు. గుడివాడ దగ్గర ఎకరం అమ్మి, మిగతాది అప్పు తెచ్చి ఎమ్మెస్‌కి పంపారు. రూలు ప్రకారం స్టూడెంటు వీసా మీద క్యాంపస్ బయట పని చెయ్యకూడదు. అయినా వారాంతాల్లో ఒక పెట్రోలు బంకు కొట్లో రాత్రి డ్యూటీ చేసేవాడు. పెద్దనాన్నకి చెప్పలేదు, ఇంట్లో నా ఒక్కడికే చెప్పాడు. ఒకరోజు ఫోన్లో అడిగాడు: "ఒరేయ్, ఇక్కడ కుర్రాళ్ళు బీర్లు కొనుక్కుని పోతూ నాకే 'థాంక్యూ, కమ్ అగైన్' అని అదోరకంగా అని నవ్వుతున్నార్రా. ఏంటది?"

అది అపు ఊతపదం. నాకు నోటికొచ్చు, కాలేజీలో అదే గొంతుతో అనేవాణ్ణి కూడా. "ఏదో కార్టూన్లే అన్నయ్యా, పట్టించుకోకు" అని మాట మార్చేశాను. ఆ వారం సీరియల్ పెట్టాను కానీ అపు రాగానే చానెల్ మార్చేశాను. పై వారం నుంచి మళ్ళీ మామూలే.

నేను తప్పించుకున్న ఆ ప్రశ్నని గట్టిగా అడిగినవాడు మన తెలుగువాడే. పేరు హరి కొండబోలు. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన తెలుగు దంపతుల కొడుకు. 1982లో న్యూయార్క్ క్వీన్స్‌లో పుట్టాడు, స్టాండప్ కమెడియన్. 2012లో ఒక టీవీ షోలో అపు మీద మాట్లాడుతూ, ఒక తెల్లవాడు మా నాన్నని వెక్కిరిస్తున్న ఇంకో తెల్లవాణ్ణి అనుకరిస్తే ఎలా ఉంటుందో అలా ఉంది అన్నాడు. 2017 నవంబర్‌లో 'ది ప్రాబ్లం విత్ అపు' అని డాక్యుమెంటరీ తీశాడు. కాల్ పెన్, అజీజ్ అన్సారీ, హసన్ మిన్హాజ్ లాంటి నటులూ, ఒబామా హయాంలో సర్జన్ జనరల్ చేసిన వివేక్ మూర్తీ కూడా అందులో మాట్లాడారు. స్కూల్లో పిల్లలు ఆ గొంతుతోనే ఏడిపించేవాళ్ళని చెప్పారు.

ఇక్కడ చాలామంది మర్చిపోయే సంగతొకటుంది. హరి కొండబోలు సింప్సన్స్‌కి వీరాభిమాని. చిన్నప్పట్నుంచీ చూస్తూ పెరిగాడు, హాస్యం అక్కడే నేర్చుకున్నానని చెప్తాడు. గిట్టనివాడు చేసిన ఫిర్యాదు కాదది. అయినా నెట్లో అతన్ని తిట్టినవాళ్ళలో మనవాళ్ళూ తక్కువేం కాదు. "మేం ఇండియాలో చూసి నవ్వుకున్నాం, నీకేంటి బాధ?" అని. ఆ మాట నేనూ అన్నాను. నిజమే, నాకు బాధ లేదు. విజయవాడలో నన్నెవరూ ఆ గొంతుతో పిలవలేదు. పిలిపించుకున్నవాడు మా అన్నయ్య.

తర్వాతి కథ క్లుప్తంగా. 2018 ఏప్రిల్ 8 నాటి ఎపిసోడ్‌లో లీసా చేత ఒక్క డైలాగు చెప్పించి, అపు ఫొటో చూపించి, దులిపేసుకున్నారు. అదే నెలలో అజారియా ఒక టీవీ షోలో, రాసేవాళ్ళలో దక్షిణాసియా వాళ్ళుండాలి, నేను పక్కకి తప్పుకోవడానికి సిద్ధమే అన్నాడు. 2020 జనవరిలో ఇక ఆ గొంతు చెయ్యనని ప్రకటించాడు. జూన్‌లో, తెల్లవాళ్ళు కాని పాత్రలకి ఇకపై తెల్లవాళ్ళు గొంతివ్వరని నిర్మాతలూ అన్నారు. 2021లో అజారియా క్షమాపణ చెప్పాడు. 2023లో ఆయనా, కొండబోలూ ఒక రేడియో కార్యక్రమంలో కలిసి కూర్చుని మాట్లాడుకున్నారు. అపు మాత్రం గుంపులో మౌనంగా నిలబడే పాత్రగా మిగిలాడు.

ఇదంతా చదివి, ఆఖరికి అన్నయ్య పక్షానికి వచ్చేశాను అనుకుంటూ ఉండేవాణ్ణి. ఆ తర్వాత హైదరాబాదు ఆఫీసులో ఒకరోజు భోజనాల దగ్గర కోట శ్రీనివాసరావు గారి ప్రస్తావన వచ్చింది. ఆయనది విజయవాడ పక్కన కంకిపాడు, మా జిల్లా అని మాకు గర్వం. 1985లో వచ్చిన టి.కృష్ణ గారి 'ప్రతిఘటన'లో కాశయ్య అనే మంత్రి వేషం ఆయన్ని నిలబెట్టింది. ఆ పాత్ర మాట్లాడేది తెలంగాణ యాస. నేను ఉత్సాహంగా ఆ గొంతు చేసి చూపించాను. అందరూ నవ్వారు. కరీంనగర్ నుంచి వచ్చిన ఒకాయన కూడా నవ్వి, "మా నాయన గట్లనే మాట్లాడ్తడు" అన్నాడు. మామూలుగానే అన్నాడు, కోపంగా కాదు. ఆ తర్వాత కాసేపు ఎవరం ఏమీ మాట్లాడలేదు.

కొండబోలు చెప్పిందీ వాళ్ళ నాన్న గురించే కదా!

కృష్ణా, గుంటూరు, గోదావరి వైపు చదువుకున్నవాళ్ళ మాట పత్రికల్లోకీ, రేడియోలోకీ, సినిమాల్లోకీ వెళ్ళి "మంచి తెలుగు" అయి కూర్చుంది. కాబట్టి మనకి యాస లేదనుకుంటాం. యాస ఎప్పుడూ అవతలివాడిదే. తెలంగాణ మాట విలన్‌కో రౌడీకో, శ్రీకాకుళం మాట పనిమనిషికో అమాయకుడికో. తెలంగాణ ఉద్యమంలో వినపడ్డ కోపాల్లో ఇదీ ఒకటి. 2017లో 'ఫిదా' సినిమాలో హీరోయిన్ సినిమా మొత్తం బాన్సువాడ అమ్మాయిలా మాట్లాడితే జనం థియేటర్లకి ఎగబడ్డారు. చిత్రం ఏంటంటే, కొండబోలు డాక్యుమెంటరీ కూడా అదే ఏడాది వచ్చింది.

కోట గారు 2025 జూలైలో పోయారు. గొప్ప నటుడు, నాకు ఆయనంటే ఇప్పటికీ అభిమానమే. కాశయ్య పాత్ర తీసెయ్యాలని నేననను. అపుని మూగవాణ్ణి చెయ్యడం కూడా నాకు నచ్చలేదు. అపుకి మన పిల్లలెవరి చేతో గొంతు ఇప్పించి, పంచ్ కార్డుల అపు కథ ఇంకా చెప్పించి ఉండాల్సింది. కుర్రాళ్ళు అపుని పట్టుకుని మా అన్నయ్యని ఏడిపించారు నిజమే, కానీ మా అన్నయ్య కథ అమెరికా టీవీలో అపు ఒక్కడే చెప్పాడు.

అన్నయ్య ఇప్పుడు డల్లాస్‌లో ఉన్నాడు. సొంత ఇల్లు, సిటిజన్‌షిప్ అన్నీ అయ్యాయి. మొన్న విజయవాడ వచ్చినప్పుడు ఆ 1996 ఎపిసోడ్ పెట్టి చూపించాను. పౌరసత్వ పరీక్షలో అపు అమెరికా అంతర్యుద్ధానికి కారణాలు వివరంగా చెప్పబోతుంటే, అడిగేవాడు విసుక్కుని, ఒక్క ముక్కలో బానిసత్వం అని చెప్పెయ్ అంటాడు. అక్కడ అన్నయ్య పగలబడి నవ్వాడు. అపు మొదటిసారి నోరు విప్పినప్పుడు మాత్రం నవ్వలేదు. నేనూ నవ్వలేదు.