చూపు లేని పిల్లవాడి కోసం ఒక బడి



గత ఆదివారం ఆరాధన అయ్యాక ఒక తల్లి నా దగ్గరకు వచ్చి, "అయ్యగారూ, పాపకి ఈ సంవత్సరం పదో తరగతండి. పాటల ప్రాక్టీసు మాన్పించేద్దామనుకుంటున్నాం" అన్నారు. ఆమెను తప్పు పట్టను. ఫీజులు కట్టేవారికే తెలుస్తుంది ఆ బెంగ. ఆ వేళ నేను సరిగా జవాబు చెప్పలేకపోయాను. ఇంటికి వచ్చాక విజయనగరం సంగతి జ్ఞాపకం వచ్చింది.

1919లో మహారాజు విజయరామ గజపతిరాజుగారు విజయనగరంలో సంగీత కళాశాల పెట్టారు. దాని వెనుక ఒక కథ చెప్పుకుంటారు. సంస్థానంలో పనిచేసే ఒకాయన కుమారుడికి చూపు లేదు. పాటంటే మాత్రం ప్రాణం. ఆ బిడ్డకు సంగీతం చెప్పించాలన్న మాట రాజుగారి వరకూ వెళ్లింది. ఆయన ఒక గురువును కుదిర్చి ఊరుకోలేదు, అందరికీ పనికివచ్చేలా బడే తెరిచారు.

హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్. వయొలిన్ నేర్పడానికి వచ్చినవారు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. చూపు మందగించి చిన్నప్పుడే బడి చదువు ఆగిపోయిన మనిషి ఆయన. విద్యార్థిగా చేరదామని వెళ్తే, ఆయన వాయిద్యం విని ఆచార్యుడిగానే తీసుకున్నారంటారు. 1936లో ఆయనే ప్రిన్సిపాల్ అయ్యారు. నల్లబల్ల కనబడనివాడు చదువుకు పనికిరాడని ఎవరైనా అంటే నాకు ఈయనే గుర్తొస్తారు.

తండ్రి లేని ఘంటసాల ఆ ఊరు వచ్చి, ఇంటింటా మధుకరం ఎత్తుకుని తింటూ నేర్చుకున్నారు. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆ కుర్రవాడిని చేరదీసి పాఠం చెప్పారు. ఆకలితో ఉన్నవాడు పాటెందుకు నేర్చుకున్నాడో మనం ఒకసారి ఆలోచించాలి.

ఇంతకీ ఆ పాఠంలో ఏముంది? సరళీ వరుసలే చూడండి. ఏడు స్వరాలు, చేతిలో ఎనిమిది అక్షరాల ఆది తాళం. ముందు మెల్లగా, తరువాత రెట్టింపు వేగం, ఆపైన దానికీ రెట్టింపు. నోరు ఒకటి పాడుతుంటే చెయ్యి లెక్క తప్పకూడదు. తప్పితే మళ్లీ మొదటికి రావాలి. విని పట్టుకోవడం, గుర్తుంచుకోవడం, తప్పు దిద్దుకోవడం అన్నీ ఒక్క అరగంటలో జరుగుతాయి.

అయినా సంగీతం నేర్పితే మార్కులు పెరుగుతాయని నేను హామీ ఇవ్వను. 2004లో కెనడాలో 144 మంది ఆరేళ్ల పిల్లలతో చేసిన పరిశోధనలో, పాట, కీబోర్డు నేర్చినవారి తెలివి పరీక్ష ఫలితాలు మిగతావారికన్నా కాస్త ఎక్కువ పెరిగాయి. కాస్తే. ఆ మాట మీద పండితుల్లో ఇంకా వాదన ఉంది. మార్కుల కోసమే అయితే ట్యూషన్ చాలు.

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిస్తే పాటల పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. పురుషోత్తమ చౌదరిగారి వంటివారు ఆ రాగాలు ఎరిగి రాశారు. మనమేమో ఆ వరుస మీద కన్ను వేయకుండా పల్లవి అందుకుంటాం. నేనూ అంతే, చాలా ఏళ్లు. మొదటి దినవృత్తాంతములు 25వ అధ్యాయంలో పాట నేర్చిన 288 మంది కనబడతారు. గురువని, శిష్యుడని తేడా లేకుండా వంతుల కోసం చీట్లు వేసుకున్నారు. అంటే దేవుని మందిరంలో పాటకు నేర్పేవారూ ఉన్నారు, నేర్చుకునేవారూ ఉన్నారు. పాట వచ్చినవాళ్లే ముందుకు రండి అని మైకులో పిలిచే మనకు ఇది కొంచెం గుచ్చుకోవాలి.

నిన్న సాయంత్రం ఆ తల్లికి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. పాప పక్కనే ఉండి విన్నట్టుంది. వారానికి మూడు రోజులు కుదరదు గానీ శనివారం ఒక గంట పంపుతామన్నారు. క్వార్టర్లీ పరీక్షలు అయ్యాక మళ్లీ మాట్లాడుకుందాం అనుకున్నాం. ఫోన్ పెట్టేసే ముందు పాప అడిగింది, "అయ్యగారూ, ఆ చూపులేని అబ్బాయికి పాట వచ్చిందా?" అని.