పెన్నీ పత్రికయు, శాస్త్రజ్ఞుల చిత్తరువులును

రాగిరేకుపై చెక్కిన చిత్తరువు నచ్చొత్తుటకు వేఱు యంత్రము కావలెను. రేకును త్వరలో నరిగిపోవును. కావున మంచి చిత్తరువులు కలవారి సొత్తై యుండెను. కొయ్యదిమ్మెపై చెక్కిన బొమ్మ యట్లు గాదు. అక్షరములతో నొకే చట్రమున నిలిచి యొకే యొత్తుడున పడును. 1832లో లండను నగరమున ఉపయుక్త విజ్ఞాన ప్రచార సంఘమువారి పక్షమున చార్లెసు నైటు ప్రారంభించిన పెన్నీ మ్యాగజీను ఈ యుపాయముననే, ఆవిరియంత్రపు తోడ్పాటున, రెండు లక్షల ప్రతుల కెక్కెను.

1833లో ఆ సంఘమువారి చిత్తరువుల సంపుటము మొదటిది వెలువడెను. అందు కోపర్నికసు, హార్వీ, న్యూటను కవులకును సేనానులకును సరసన గూర్చుండిరి. పనిముట్లు చేసి బ్రదికిన జేమ్సు వాటునకును అందే పీఠము! కాని యవి లోహఫలక ముద్రణములు. పెన్నీకి దొరకునవి కావు. పెన్నీకి దొరకిన పత్రికయో రాజకీయముల నంటలేదు. తమ బాధలు లేని చదువు తమకేలయని కార్మికులలో కొంద ఱాక్షేపించిరి. అది త్రోసివేయదగిన మాట గాదు. సంఘమువారి పత్రిక 1845లో ముగిసెను.