చేపల తొట్టి, మురికి స్పాంజి

తళతళలాడేలా కడిగిన తొట్టిలో నాలుగు రోజులకే చేపలు చనిపోవడం మీరెక్కడో చూసే ఉంటారు. నవ రాయపూర్‌లోనైనా విజయవాడలోనైనా జరిగేది ఒకటే. ఆదివారం పూట ఫిల్టరు విప్పి, జిగటగా ఉన్న స్పాంజిని కుళాయి కింద బాగా పిండి ఉతుకుతారు. నీళ్ళు తేటగానే ఉంటాయి. మరి చేపలెందుకు చచ్చాయి?

చేపలు మొప్పల ద్వారా అమ్మోనియాను విసర్జిస్తాయి. మిగిలిపోయిన మేత కుళ్ళినా అదే పుడుతుంది. అది విషం, పైగా కంటికి కనబడదు. 1850లో లండన్ రసాయనశాస్త్రవేత్త రాబర్ట్ వారింగ్టన్ తొట్టిలో నీటిమొక్కలు, నత్తలు కూడా ఉంచి, నీరు మార్చకుండానే చేపలను బతికించి చూపాడు. మొక్కలిచ్చే ఆక్సిజనే ఇందులో రహస్యమని అప్పట్లో అనుకున్నారు. 1871లో క్రిస్టల్ ప్యాలెస్ మత్స్యశాలలో విలియం ఆల్ఫర్డ్ లాయిడ్ నేల కింద పెద్ద జలాశయం కట్టి, ఒకే సముద్రపు నీటిని ఆవిరి యంత్రాలతో తిప్పి తిప్పి వాడాడు. నీటికి గాలి తగలడం వల్లనే అది శుభ్రపడుతోందని అతని నమ్మకం. గాలి కావలసిందే, కానీ అసలు పనివాళ్ళు వేరే ఉన్నారు.

వాళ్ళ జాడ 1877లో ఫ్రాన్స్‌లో బయటపడింది, అదీ మురుగునీటిలో! ష్లోసింగ్, మ్యుంజ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇసుక నింపిన గొట్టంలోంచి మురుగునీటిని మెల్లగా పోనిచ్చారు. సుమారు 20 రోజులు ఏమీ జరగలేదు. ఆ తరువాత అమ్మోనియా తగ్గి, నైట్రేట్ రావడం మొదలైంది. కేవలం రసాయన చర్యే అయితే అన్ని రోజులు ఆగడమెందుకు? క్లోరోఫాం ఆవిరి పంపగానే పని ఆగిపోయింది. అంటే ఇసుకలో ఉన్నది ప్రాణమున్నదే!

ఈ కథను ముందుకు నడిపినవాడు మన తొట్టి వారింగ్టన్ కొడుకే. అతని పేరు కూడా రాబర్టే. రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేస్తూ, అమ్మోనియా ముందు నైట్రైట్‌గా, తరువాత నైట్రేట్‌గా మారుతుందని, రెండు మెట్లకూ వేరువేరు సూక్ష్మజీవులున్నాయని తేల్చాడు. కానీ వాటిని విడదీయలేకపోయాడు. 1890 ప్రాంతంలో ఆ ఘనత వినోగ్రాడ్‌స్కీకి దక్కింది. 2015లో మరో వింత తెలిసింది: రెండు మెట్లనూ ఒక్కటే ఎక్కగల నైట్రోస్పైరా జాతి బాక్టీరియా కూడా ఉంది. అది దొరికిన చోట్లలో ఒకటి చేపల పెంపకపు ఫిల్టరే.

ఇప్పుడు ఆదివారం స్పాంజి సంగతి చూడండి. ఆ జిగటే బాక్టీరియా కాపురం. కుళాయి నీటిలోని క్లోరిన్ వాటికి ఆనాటి క్లోరోఫాం వంటిది. కాబట్టి తొట్టిలోంచి తీసిన నీటిలోనే, నీటి ప్రవాహానికి అడ్డులేనంత వరకు మాత్రమే పిండండి. స్పాంజి చిరిగి మార్చవలసివస్తే, కొత్తదాన్ని పాతదాని పక్కనే కొన్ని వారాలు ఉంచి, ఆ తరువాత పాతది తీయండి. ఆ ఫ్రెంచివారి 20 రోజులు గుర్తున్నాయిగా!

మోటారు భాగాలకు ఈ మొహమాటం అక్కరలేదు. అరిగిన రోటరు, గట్టిపడిన రబ్బరు వాషరు, గాలిపంపులో చిరిగిన డయాఫ్రం వెంటనే మార్చవచ్చు, వాటిలో కాపురముండేది తక్కువ. అయితే ముందు ప్లగ్గు తీయండి. కరెంటు గంటల తరబడి పోయినప్పుడు మూసిన ఫిల్టరులోని బాక్టీరియాకు ఆక్సిజన్ అందదు. తిరిగి నడిపేముందు లోపల నిలిచిన నీటిని పారబోయండి.